రాజమండ్రి రైతుబజారు: ఏ కూర ఎప్పుడు, ఎలా ఎంచుకోవాలి?

కొత్తకాపురం:

హైదరాబాదు నుంచి రాజమండ్రి వచ్చి స్థిరపడుతున్న కుటుంబం అండి. పెద్దవాళ్ళం ఇద్దరం, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు. రైతుబజారుకి వారానికి ఒక్క పూటే, ఆదివారం పొద్దున్న, వెళ్ళడం కుదురుతుంది. ఏడు రోజులకీ ఒకేసారి తెచ్చుకోవాలి.

ఇక్కడి నేలలో ఏ కూర ఏ నెలల్లో కాస్తుంది? బజారులో అన్నీ ఏడాదంతా కనిపిస్తున్నాయి గనక చూసి చెప్పలేకపోతున్నాం. అమ్మేది రైతా, మారుబేరం వాళ్ళా ఎలా పోల్చుకోవాలి? కంద, పనసపొట్టు, ముళ్ళ వంకాయ మాకు కొత్త. కొనేటప్పుడు ఏం చూడాలి? ఆవకాయకి ఏ కాయ, ఎప్పుడు? ఇప్పుడు ఫిబ్రవరి చివరే కాబట్టి దానికింకా వ్యవధి ఉందనుకుంటాను.

ధరలు అక్కర్లేదండి, అవి రోజూ మారతాయి. పద్ధతి చెప్తే చాలు.


లంకమట్టి:

నెలల పట్టిక రాసిచ్చేవాళ్ళు చాలామంది దొరుకుతారు. గోదావరి జిల్లాల్లో పట్టిక కన్నా నీళ్ళ లెక్క బాగా పనిచేస్తుందండి. కూరలొచ్చే నేలలు మూడు: ఏటి మధ్య లంకలు, కాలవల కింది ఆయకట్టు, పైన మెట్ట. ఈ మూడింటికీ నీళ్ళు వచ్చే వేళ, పోయే వేళ వేరు. అది పట్టుబడితే గంపలో ఏమున్నా ఎక్కడిదో ఇట్టే చెప్పేయొచ్చు.

ముందు లంకలు. జూలై, ఆగస్టుల్లో వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు టీవీలో వచ్చేది లంకవాళ్ళ కోసమే అయినా, సంచీ పట్టుకుని బజారుకెళ్ళేవాళ్ళకీ పనికొస్తాయి. రెండో హెచ్చరిక దాకా వెళ్తుందనగానే పల్లపు తోటల రైతులు ఉన్నదంతా కోసి తెచ్చేస్తారు. ఆ ఒకటి రెండు రోజులు బెండ, వంకాయ, ఆకుకూర లేతగా, కారుచౌకగా దొరుకుతాయి. ఆ తరవాత బజారు బోసిపోతుంది. 2022 జూలైలో 21 అడుగులు దాటినప్పుడు లంకల్లో మొక్కన్నది మిగల్లేదు.

వరద తీసిన రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. తోటకూర, పాలకూర విత్తిన 25 నుంచి 35 రోజులకి కోతకొస్తాయి. బెండ 45, 50 రోజులకి. బీర, గోరుచిక్కుడు రెండు నెలలకి అటూ ఇటూ. వంకాయ, టమాటాకి నారు మెరక మీద ముందే పోసుకుంటారు కాబట్టి నాటిన 60, 70 రోజులకి మొదటి కోత. సెప్టెంబరు మధ్యలో ఏరు లాగేస్తే అక్టోబరు మధ్యలో ఆకుకూర, నవంబరు మొదట్లో బెండ, నవంబరు చివర నుంచి వంకాయ అన్నమాట. కొత్త ఒండ్రు మీద కాసిన కాపు గనక డిసెంబరు నుంచి మార్చి దాకా లంక కూరకి సాటి లేదు. మీరు అడిగిన ఈ ఫిబ్రవరి అందులోదే. వంకాయ, టమాటా, చిక్కుడు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఇప్పుడు కళ్ళు మూసుకుని స్థానికమనుకోవచ్చు.

ఆయకట్టులో ప్రధానం వరి. కూరలు గట్ల మీదా, కొబ్బరితోటల నీడలోనూ: అరటి, కంద, చేమ, పెండలం, బచ్చలి, పాదులెక్కిన ఆనప. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. మధ్యలో బోరు ఉన్నవాడిదే ఆకుకూర. మే నెలలో ఆకుకూర చిన్న కట్ట, పెద్ద ధర. ఆకు ముదురు, గోంగూర మరీ పులుపు. ఆ రోజుల్లో ఆకుకి బదులు దోస, ఆనప, పొట్ల, ములక్కాడ, పచ్చి మామిడి మీద పడటం తెలివైన పని. చింతచిగురు కూడా మార్చి నుంచే మొదలవుతుంది.

మెట్ట అంటే కోరుకొండ, గోకవరం, జగ్గంపేట, ఇటు గోపాలపురం, దేవరపల్లి వైపు. వరద రోజుల్లో బజారుని నిలబెట్టేది ఆ నేలే. జూలై నుంచి అక్టోబరు దాకా కాకర, బీర, దొండ, బెండ అక్కణ్ణించి వస్తాయి. మామిడి, జీడిమామిడి మెట్టవి. పనసకాయలు, సీతాఫలాలు, ఉసిరి ఏజెన్సీ (మన్యం కొండల) నుంచి దిగుతాయి.

పందిరి చిక్కుడు సంగతి విడిగా చెప్పాలి. నాటు చిక్కుడు పగలు కురచైతేనే పూస్తుంది. పాదు జూన్‌లో పెట్టినా కాయ కార్తీకం ముందు రాదు, మాఘం దాటితే తగ్గిపోతుంది. జూలైలో చిక్కుడుకాయ కనిపిస్తే అది ఏడాదంతా కాసే పొట్టి రకం. కూరకి పనికిరాదని కాదు, ఆ వాసన మాత్రం రాదు.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, క్యారెట్, బీట్‌రూట్, బీన్స్ ఇక్కడివి కావు. వాటికి స్థానికం వెతక్కండి. వేసవి టమాటా కూడా ఎక్కువగా మదనపల్లెదే. ఇవన్నీ బజారులో చివరన ఎప్పుడైనా కొనొచ్చు గనక పొద్దున్నే వాటి దగ్గర నిలబడి టైము పోగొట్టుకోవద్దు.


పాతకాటా:

అమ్మేవాళ్ళ సంగతి నేను చెప్తాను.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతు నేరుగా తెచ్చి అమ్ముకోవడమన్నది మూలసూత్రం, అందుకే గుర్తింపు కార్డులిస్తారు. ధర ఏ రోజుకారోజు బోర్డు మీద రాస్తారు. టోకు ధర కన్నా కొంచెం ఎక్కువ, బయటి చిల్లర కన్నా తక్కువ ఉండేలా. లోపలికి అడుగు పెట్టగానే ఆ బోర్డు ఫోటో తీసుకోండి. గేటు దగ్గరున్న బోర్డు వెనకాల బజారుకొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. బోర్డు ధర పైహద్దు అనుకోండి. నాసిరకానికి కూడా అదే ధర అడిగితే ఇవ్వక్కర్లేదు.

రైతుని పోల్చుకోవడం కష్టం కాదు. ఒక చేను నుంచి ఒకేరోజు రాగలిగినవెన్ని? వంకాయ, పచ్చిమిర్చి, నాలుగు ఆనపకాయలు, పది కట్టల తోటకూర. ముందు పదిహేను రకాలు పేర్చుకుని, అందులో క్యారెట్టూ బీన్సూ కూడా ఉంటే అది మారుబేరం. రైతు గంపలో కాయలు ఒకే కొలతలో ఉండవు: చిన్నా పెద్దా, ఒంకరా టింకరా కలిసే ఉంటాయి. ఏరి, గ్రేడు కట్టి పేర్చారంటే మార్కెట్ యార్డు మీదుగా వచ్చిందే. మట్టి అంటుకుని ఉంటే రైతుదని ఇంకో గుర్తు.

ఒక ప్రశ్న వేసి చూడండి: "మళ్ళీ కోత ఎప్పుడండి?" రైతయితే "ఎల్లుండి" అనో "బుధవారం" అనో ఠక్కున చెప్తాడు. బెండ రోజు విడిచి రోజు కొయ్యాలి, వంకాయ నాలుగైదు రోజులకోసారి. ఆ లెక్కకి అందని జవాబొస్తే మీకే అర్థమవుతుంది.

కాటా. ఎలక్ట్రానిక్ కాటా అయినా పళ్ళెం పెట్టాక సున్నా కనపడాలి. పళ్ళెం తీసి గంప పెడితే మళ్ళీ సున్నా చేయించాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. తేడా అనిపిస్తే అక్కడ వాదన పెట్టుకోకుండా బజారు చూసే ఎస్టేట్ ఆఫీసరుకి చెప్పడం ఉత్తమం. ఆకుకూర కట్ట మీద అమ్ముతారు కాబట్టి మోసం అక్కడే ఎక్కువ: కట్ట లావు చూసి మురిసిపోకుండా కింద వేళ్ళూ మట్టీ ఎంతుందో చూడండి. నీళ్ళు కారుతున్న కట్ట నిలవకి చేటు, రెండో రోజుకే కుళ్ళుతుంది.

ఆదివారం అయితే ఆరున్నరకల్లా లోపల ఉండాలండి. లంకల నుంచి తెచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రం కోసి మొదటి ఆటోకి వచ్చేస్తారు, తొమ్మిదిన్నర పదికల్లా గంప బోర్లించేస్తారు. పదకొండు తరవాత చౌకగా దొరికేది ఎండకి వడిలిన సరుకు. అదే పూట పచ్చడి చేసేట్టయితే టమాటా, దోస అప్పుడు కొనుక్కోవచ్చు. వారానికి నిలవ పెట్టేవి మాత్రం కొనద్దు.

నలుగురికి మనిషికి రోజుకి పావుకిలో చొప్పున వారానికి ఏడు కిలోలు. కొనడం కన్నా తినే వరస ముఖ్యం. మొదటి రెండు రోజులకి ఆకుకూర రెండు రకాలు, బెండ. మూడు నుంచి అయిదో రోజు దాకా వంకాయ, బీర, దొండ, చిక్కుడు. చివరి రెండు రోజులకి కంద, చేమ, అరటికాయ, ఆనప, క్యాబేజీ. బుధవారం బెండకాయ చేద్దామనుకుని సోమవారం చేమదుంపలు వేపితే వారం తప్పుతుంది.


మెట్టతోట:

పాతకాటా గారూ, మట్టి గుర్తు నమ్మొద్దండి. కంద, చేమ, చిలగడదుంప మీద మట్టి వ్యాపారి దగ్గరా ఉంటుంది. మట్టితో ఉంటే నిలవుంటాయని ఎవరూ కడగరు. తొడిమ చూడాలి. ఆ ఉదయమో ముందు సాయంత్రమో కోసిన కాయకి తొడిమ కోసిన చోట పచ్చిగా, తడిగా ఉంటుంది. రెండు రోజులైతే గోధుమ రంగులోకి తిరిగి లోపలికి ఎండుతుంది. వంకాయ, బెండ, ఆనప, బీర అన్నిటికీ ఇదొక్కటే చాలు.

ఇక కాయ ఎంపిక. ఒక్కొక్కటిగా చెప్తాను, కానీ బెండ తోక విరవడం లాంటివి అందరికీ తెలుసు గనక వదిలేస్తున్నా. బజారులో అందరూ అన్ని కాయలూ విరిచిపోతే మిగిలినవి రైతు ఎవరికి అమ్ముకుంటాడు? ఒకటి విరిచి చూస్తే గంప సంగతి తెలిసిపోతుంది.

ముళ్ళ వంకాయ: ముచిక (తొడిమ దగ్గరి పచ్చటి టోపీ) మీద ముళ్ళుంటాయి, పట్టుకునేటప్పుడు జాగ్రత్త. చేతిలోకి తీసుకుంటే కనిపించే సైజు కన్నా తేలిగ్గా ఉండాలి. బరువనిపిస్తే గింజ కట్టిందని. ముచిక అంచు కొద్దిగా ఎత్తి చూడండి, కింద తెల్లటి చార ఉంటే ఇంకా ఎదుగుతున్న లేత కాయ. పురుగు సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. కాయ పైన కనపడే గుండ్రటి చిల్లు పురుగు బయటికి పోయిన దారి. లోపలికెళ్ళిన దారి ముచిక కిందే చిన్న చుక్కలా మూసుకుపోయి ఉంటుంది. అంటే చిల్లున్న కాయలో పురుగు ఉండకపోవచ్చు, చిల్లు లేని కాయలో ఉండొచ్చు. ముచిక దగ్గర నల్లచుక్క, దాని పక్కన నొక్కితే మెత్తదనం ఉంటే పక్కన పెట్టేయండి. అందులో ఒక మాట: ఒక్క పుచ్చు కూడా లేకుండా గంపంతా నిగనిగలాడుతుంటే మందు గట్టిగా కొట్టారేమోనని అనుమానించాల్సిందే. పదిలో ఒకటి పుచ్చున్న గంప నాకు నయం. గుత్తి వంకాయకి నాలుగు పక్షాలుగా చీరినప్పుడు ఎలాగూ లోపల చూస్తారు.

బీరకాయ, దోస, ఆనప: చేదు. నీళ్ళు చాలక ఒడిలిన పాదుకి, గింజ కల్తీకి చేదు దిగుతుంది. వేసవిలో ఎక్కువ. ఇంటికొచ్చాక తరిగేముందు చివర సన్నటి ముక్క నాలిక మీద పెట్టుకుని చూడండి. చేదయితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఉడికినా చేదు పోదు. ఆనపకాయ విషయంలో ఇది రుచి గొడవ కాదు. చేదు ఆనపకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు, ప్రాణాలు కూడా పోయాయి.

ములక్కాడ: రెండు చివర్లు పట్టుకుని మెలితిప్పితే తిరగాలి. కణుపులు కణుపులుగా గింజ ఉబ్బి కనపడితే సాంబారులో నార తప్ప ఏమీ ఉండదు.

అరటికాయ: కూరకి బొంత రకం. పలకలు తేలి, చర్మం ముదురాకుపచ్చలో ఉంటే లేతది, వేపుడుకి బాగుంటుంది. పలకలు గుండ్రంగా నిండితే పండటానికి సిద్ధమైందని. ఆవ పెట్టిన కూరకి తీపి తగుల్తుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నల్లబడిపోతుంది.

కంద గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మే, జూన్‌లో నాటితే ఏడెనిమిది నెలలకి తవ్వుతారు, అంటే ఇప్పుడు మీకు వస్తున్నది కొత్త కంద. కొత్త కందకి దురద ఎక్కువ. నీడన రెండు మూడు వారాలు ఆరినది నయం. అడిగేటప్పుడు గజేంద్ర రకమా అని అడగండి. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకం, దురద చాలా తక్కువ. ఏజెన్సీ నాటు కంద కొంటే మాత్రం చేతికి నూనె రాసుకోకుండా ముట్టొద్దు. దురద పెట్టేది సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు పలుకులు. తడి చేత్తో తరిగితే చేతులకీ పట్టుకుంటాయి. అందుకే మట్టి దులిపి, పొడిగా ఉండగా చెక్కు దళసరిగా తీసి, ముక్కలు కోశాకే కడగాలి. చింతపండు నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు వంపేస్తే గొడవ వదిలినట్టే. కందబచ్చలికి చింతపండు పడేది రుచికొక్కదానికే కాదు.

కొనేటప్పుడు అరకిలో ముక్క కోసిస్తారు. కోసిన ముఖం తడారకుండా, లేత నారింజలోనో మీగడ రంగులోనో, ఎక్కడా నల్లచారలు లేకుండా ఉండాలి. నడినెత్తిన మొలక గుంట ఉన్న ముక్క కన్నా పక్క ముక్క అడిగి తీసుకోండి. గుంటలో మట్టీ చెక్కూ పోగా మిగిలేది తక్కువ.


కొత్తకాపురం:

ఎంత వివరంగా చెప్పారండీ! రెండు సందేహాలు. నిన్న బజారులో కొట్టించిన పనసపొట్టు సాయంత్రానికే నల్లబడింది, వండితే కొంచెం చేదొచ్చింది. కాయ పాతదా? రెండోది, కట్టలు ఇంటికి తెచ్చాక ఆకుకూర ఎలా ఉంచితే మూడో రోజు దాకా వస్తుంది? ఆవకాయ ప్రశ్న అలాగే ఉంది.


జాడీ:

పొట్టు నల్లబడటం కాయ తప్పు కాదు. కొట్టిన ప్రతి పనసా గాలి తగిలితే గంటలో రంగు తిరుగుతుంది, కోసిన వంకాయ నల్లబడ్డట్టే. ఇంటికి రాగానే పసుపు కలిపిన పల్చటి మజ్జిగలోనో, చింతపండు నీళ్ళలోనో మునిగేట్టు వేసేయాలి. ఆ రోజే వండకపోతే ఉప్పూ పసుపూ వేసి ముప్పావు వంతు ఉడికించి, చల్లారాక గట్టిగా పిండి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. పచ్చి పొట్టు ఉండదు.

చేదు ఎక్కువసార్లు పొట్టులోంచి రాదండి, ఆవలోంచి వస్తుంది. ఆవ పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. కూర దింపి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక నూరిన ఆవ కలపాలి. పావుకిలో పొట్టుకి చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కొద్ది నీళ్ళతో మెత్తగా నూరితే సరి. మిక్సీని ఆపకుండా తిప్పితే ఆ వేడికే చేదొస్తుంది, ఆగి ఆగి తిప్పండి.

కాయ ఎంపిక: పొట్టుకి రెండు మూడు కిలోల లోపు కాయ, లోపల గింజ ఇంకా తెల్లగా, గోటికి దిగేట్టు ఉండాలి. గింజ పైన పొర ముదిరితే పొట్టులో పెంకుల్లా తగుల్తుంది. సిద్ధంగా కొట్టి సంచుల్లో పెట్టినది కొనకండి, ఎప్పటిదో ఏ కాయదో తెలియదు. ఎదురుగా కొట్టించుకోండి. మార్చి దాటితే పొట్టు కాయ అయిపోయినట్టే, ఆ తరవాత తొనల కోసం మే దాకా ఆగడమే.

ఆకుకూర: తెచ్చిన వెంటనే కట్ట విప్పి, పాత నూలుగుడ్డ మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఆరనివ్వాలి. వేళ్ళు కోసేసి, కడక్కుండా, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. అదే అరలో అరటిపండో మాగిన టమాటానో ఉంటే ఆకు పసుపెక్కుతుంది, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వల్ల. బచ్చలి తీగని మాత్రం చుట్టక్కర్లేదు, గ్లాసు నీళ్ళలో నిలబెడితే చాలు.

ఇక ఆవకాయ. కొత్తపల్లి కొబ్బరి అనే మామిడి రకం అడగండి. కాకపోతే చిన్న రసం, అదీ కాకపోతే గట్టి పీచున్న నాటు పుల్లకాయ. బంగినపల్లి వద్దు, పీచు లేదు, పులుపు తక్కువ, రెండు నెలలకి ముక్క మెత్తబడిపోతుంది. ఏ రకమైనా టెంక కట్టి ఉండాలి. కత్తి దిగేటప్పుడు టక్కుమని చప్పుడు రావాలి. టెంక ముదరని కాయలో ముక్కకి పట్టుగా పెంకు మిగలదు, ఊటలో నానిపోతుంది. మరీ ఆగితే లోపల పసుపు తిరుగుతుంది, ఊరగాయ తీపొస్తుంది. ఒకటి కొట్టించి చూడండి: కండ తెల్లగా గానీ లేత మీగడ రంగులో గానీ ఉండాలి.

ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్య దాకా సరైన వేళ. ఈలోగా పెద్ద వాన పడితే నాలుగైదు రోజులు ఆగి కొనండి, వాన తాగిన కాయకి నీరెక్కువ. గాలివానకి రాలిన కాయ చౌకగా వస్తుంది. దెబ్బ తగిలిన చోట నల్లబడి అక్కణ్ణించే బూజు మొదలవుతుంది, దాన్ని పప్పులోకో తురుము పచ్చడికో వాడుకోండి.

బజారులో కత్తిపీట పెట్టుకుని కిలో ఇంత అని ముక్కలు కొట్టేవాళ్ళుంటారు. చాలా ఊరగాయలు పాడయ్యేది అక్కడే. కాయలు కొని అక్కడి నీళ్ళలో ముంచి తడిగా కొట్టించేస్తారు. అలా కాకుండా, కాయలు ఇంటికి తెచ్చి గంటసేపు నీళ్ళలో ఉంచి, పొడి గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి, అప్పుడు పట్టుకెళ్ళి కొట్టించండి. పీట ముందు మీ గుడ్డతో తుడిపించండి. ఆదివారం ఒక్కరోజే వీలయితే చిన్న కత్తిపీట ఒకటి ఇంట్లోనే పెట్టుకోవడం నయం.

కిలోన్నర కాయకి జీడి (టెంకలోని గింజ), పైపొర తీసేయగా కిలో పైచిలుకు ముక్క వస్తుంది. కిలో ముక్కకి కారం 200 గ్రాములు, ఆవపిండి 200, మెత్తటి ఉప్పు 180, మెంతులు రెండు చెంచాలు, నువ్వుల నూనె 400 నుంచి 500 మిల్లీలీటర్లు. ఆవాలు ఎండలో పెట్టి చల్లారాక ఆడించండి, వేడి మీద ఆడిస్తే మళ్ళీ అదే చేదు. నూనె ముందు సగం పోసి కలిపి, మూడో రోజు తిరగకలిపినప్పుడు మిగతాది పోయాలి. ఆ రోజే ఉప్పు చూసుకోండి. మూడో రోజు కొంచెం ఉప్పనిపిస్తే సరిపోయినట్టు, సరిగ్గా ఉందనిపిస్తే తగ్గినట్టు, ఎందుకంటే ముక్క ఇంకా లాగుతుంది. నెలకి బూజు పట్టిందంటే కారణం మూడింట్లో ఒకటి: తడి, ఉప్పు తక్కువ, ముక్కల మీద వేలు మందం నూనె నిలవకపోవడం.


లంకమట్టి:

మామిడిపండు కూడా కొంటారుగా, అది కలుపుతాను. కాల్షియం కార్బైడ్‌తో పళ్ళు మాగబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువుకి అనుమతి ఉంది, పది లక్షల పాళ్ళ గాలికి వంద పాళ్ళు మించకుండా. అరటిగెలల్ని మందు నీళ్ళలో ముంచి తీయడం కూడా తప్పే. కార్బైడ్ పండు పైకంతా ఒకే పసుపు, తొడిమ దగ్గర వాసన ఉండదు, కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా. ఈ బాధ వద్దనుకుంటే మే మొదట్లో పచ్చికాయే కొనండి: తొడిమ చుట్టూ భుజాలు పైకి లేచి, తొడిమ గుంటలో కూర్చున్న కాయ పక్వానికొచ్చింది. వరిగడ్డిలో ఒక వరస మీద ఒక వరస పేర్చి, రోజు విడిచి రోజు తిరగేస్తే నాలుగు నుంచి ఆరు రోజుల్లో పండుతుంది. గడ్డి పూర్తిగా ఎండినదై ఉండాలి, పచ్చి వాసన ఉంటే పండుకి బూజు పడుతుంది.

తొలకరి పడ్డాక రసాలు కొంటే ముందు అక్కడే ఒకటి కోయించి చూడండి. పండు ఈగ వానల తరవాత ఉధృతంగా గుడ్లు పెడుతుంది. పైన సూది గుచ్చినంత మచ్చే కనపడుతుంది, లోపల తెల్లపురుగులు. మృగశిర కార్తె దాటాక రసాల మీద ఆశ వదులుకుని నేరేడుపళ్ళకి వెళ్ళిపోవడం మేలు.

ముంజెలు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా. కాయ కోయించి వేలితో నొక్కితే కన్ను మెత్తగా దిగాలి. నీళ్ళు తగ్గి గట్టిపడ్డ ముంజె తింటే కడుపునొప్పి. తాటిపండు ఆగస్టు, సెప్టెంబరు. తేగలు నవంబరు చివర నుంచి సంక్రాంతి దాటేదాకా. కాల్చినవి కాకుండా ఉడికించినవి కొంటే పిల్లలు నమలగలరు, మధ్యలో పీచు కాడ తీసేసి ఇవ్వండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు: వంకాయ, బెండ, దోస మరీ చల్లటి అరలో పెట్టొద్దు. చలికి చర్మం మీద గుంటలు పడి లోపల గోధుమరంగు తిరుగుతాయి. కింది పెట్టెలో, గుడ్డసంచీలో ఉంచండి. టమాటా బయటే. కంద, చేమ గాలి తగిలే బుట్టలో, ఉల్లిపాయలకి దూరంగా.